కథను దిద్దే నలుగురు

తెలుగు కథకులు శిల్పం గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ ఆ మాటల వెనుక ఒక సాహితీ సమాజం కనిపిస్తుంది. రాతప్రతిని మొదట చదివే మిత్రుడు, అచ్చుకు ముందు ప్రశ్నించే సంపాదకుడు, అచ్చయ్యాక నిలదీసే విమర్శకుడు, అందరూ మరిచిపోయిన తర్వాత కూడా కథను భద్రపరిచే గ్రంథాలయం ఆ సమాజంలోని వారే. ఈ బంధాలు పలచబడుతున్న కాలంలో తెలుగు కథకు నిజంగా ఏమి కావాలో పరిశీలించే ప్రయత్నమిది.

ఆధునిక తెలుగు కథా చరిత్ర ఎక్కడ మొదలుపెట్టినా గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' ప్రస్తావన రాక తప్పదు. 1910లో వెలువడిన ఆ కథకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' అచ్చయిందని, తొలి కథకురాలి గౌరవం ఆమెకే దక్కాలని పరిశోధకులు బలంగా వాదించారు. ఆ వాదం తెలుగు కథ తన పుట్టుకను తానే తిరిగి చదువుకునేలా చేసింది. మొదటి స్థానం ఎవరికి ఇచ్చినా, 'దిద్దుబాటు' అనే మాట మాత్రం కథకుల పనికి చక్కగా అతికిన పేరుగా మిగిలింది. పలక మీద గురువు రాసిపెట్టిన అక్షరం మీద పిల్లవాడు మళ్లీ మళ్లీ బలపం తిప్పడాన్ని తెలుగులో దిద్దడం అంటారు. రాసినదానిలో తప్పును సరిచేయడాన్ని కూడా దిద్దడమే అంటారు. మొదటి అర్థంలో పూర్వుల నుంచి నేర్చుకునే సాధన ఉంది, రెండో అర్థంలో తన రాతను తానే అనుమానించే వివేకం ఉంది. రెండింటికీ మరొక మనిషి అవసరం పడుతుంది: ఒకచోట అక్షరం వేసి చూపే చెయ్యి, మరొకచోట తప్పును పట్టుకునే కన్ను.

కథను ఎవరైనా ఒంటరిగానే రాస్తారు. అయితే గత నూరేళ్లలో నిలిచిన తెలుగు కథలు తయారైన వాతావరణాన్ని గమనిస్తే, రచయిత ఒంటరితనానికి చుట్టూ ఒక చదువరుల వలయం ఉండేదని, శిల్పచర్చ ఆ వలయంలోనే పుట్టి పెరిగిందని అర్థమవుతుంది. తెలుగు వాడుకలో 'నలుగురు' అనే మాట నాలుగు అనే లెక్కను దాటి లోకాన్ని సూచిస్తుంది. నలుగురు నడిచే దారి, నలుగురు మెచ్చే మాట అన్నప్పుడు అందులో సమాజపు తీర్పు ఉంటుంది. కథకుడికి కావలసినది కూడా ఆ నలుగురే.

శిల్పం అంటే అలంకారమా?

తెలుగు విమర్శలో 'వస్తువు', 'శిల్పం' అనే రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. కథ దేని గురించి చెబుతున్నదో అది వస్తువు. ఆ విషయం పాఠకుడి అనుభవంగా మారడానికి రచయిత చేసే ఏర్పాట్లన్నీ కలిపి శిల్పం. ఈ రెండింటినీ కుండ, నీళ్లు లాగా వేర్వేరుగా ఊహించుకోవడం వల్ల శిల్పమంటే పైన పూసే రంగు అనే అపోహ చాలాకాలం కొనసాగింది. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'నవలాశిల్పం', 'కథాశిల్పం' గ్రంథాలలో ఈ అపోహను ఓపికగా తొలగించి, ఎత్తుగడ, పాత్రచిత్రణ, దృష్టికోణం, కంఠస్వరం వంటి అంశాలను తెలుగు ఉదాహరణలతో పరిశీలించారు. 'కథాశిల్పం'కు 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక కథా సంపుటికి కాక కథను ఎలా చదవాలో, ఎలా కట్టాలో చెప్పే గ్రంథానికి ఆ గౌరవం దక్కడం శిల్పచర్చకు తెలుగులో ఏర్పడిన స్థానాన్ని తెలియజేస్తుంది.

దృష్టికోణం అంటే కథ ఎవరి కళ్లతో చూడబడుతున్నదో నిర్ణయించే ఏర్పాటు. అప్పు తీర్చలేక పశువులను సంతకు తోలే కౌలురైతు ఇంటిని కథావస్తువుగా తీసుకుంటే, రైతు భార్య చూపులో అది ఖాళీ అవుతున్న పశువుల పాక కథ అవుతుంది. బ్యాంకు గుమస్తా చూపులో అది వరుసగా వచ్చే ఎన్నో ముఖాల మధ్య ఒక ముఖం అవుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల చూపులో తాను పేరు పెట్టిన దూడ కనిపించకుండా పోయిన ఉదయం అవుతుంది. సంఘటన ఒక్కటే అయినా మూడు కథలలోనూ పాఠకుడికి తెలిసే సంగతులు వేరు, అతడి నుంచి దాచిన సంగతులు వేరు. కంఠస్వరం దీనికంటే సూక్ష్మమైనది. చెబుతున్న గొంతులో ఉన్న కోపమో, ఓర్పో, చనువో, దూరమో వాక్యాల నడక ద్వారా పాఠకుడికి చేరే తీరును ఆ పేరుతో పిలుస్తారు. కొత్త రచయితల రాతప్రతులలో తరచుగా కనిపించే లోపం ఈ రెండూ మధ్యలో తెలియకుండా మారిపోవడం: పిల్ల చూస్తున్న కథలోకి అకస్మాత్తుగా వ్యవసాయ విధానాల మీద పెద్దల ఉపన్యాసం ప్రవేశిస్తే, చెప్పిన మాట నిజమే అయినా కథ నమ్మకం పోగొట్టుకుంటుంది.

ఈ విషయంలో విజయనగరం కథకుడు చాగంటి సోమయాజులు, అంటే చాసో, రాసిన కథలు నేటికీ పాఠ్యగ్రంథాల వంటివి. 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో పేదరికం వల్ల బడికి దూరమైన పిల్లవాడి సిగ్గును, ఆశను అతడి నడకలో, తడబాటులో చూపించారే తప్ప, పేదరికం గురించి రచయిత తన గొంతుతో వ్యాఖ్యానించలేదు. చాసో రాసిన కథల సంఖ్య తక్కువ; ఆ తక్కువలోనే మాటను పొదుపుగా వాడే పద్ధతి స్థిరపడింది. క్లుప్తత అని విమర్శకులు పిలిచే ఈ గుణాన్ని కథ పొట్టిగా ఉండటంగా పొరబడకూడదు. తీసేస్తే కథ దెబ్బతినే మాటలు మాత్రమే మిగలడం దాని అసలు లక్షణం.

పొడుగ్గా ఉండి కూడా క్లుప్తమైన కథకు కాళీపట్నం రామారావు, అంటే కారా, రాసిన 'యజ్ఞం' మంచి ఉదాహరణ. 1966లో 'యువ' మాసపత్రికలో వెలువడిన ఆ కథలో అధికభాగం ఒక ఊరి పంచాయితీలో సాగే అప్పు తగవు. ఊరు ఎలా మారిందో, అప్పు ఎలా పెరిగిందో, పెద్దమనుషుల న్యాయం ఎవరి పక్షాన నిలబడుతుందో పేజీల కొద్దీ నెమ్మదిగా పరుచుకున్న తర్వాత, తమ బతుకు పాలేరుతనంలోకి జారుతుందని గ్రహించిన సీతారాముడు తన బిడ్డనే చంపే ముగింపు వస్తుంది. ఆ ముగింపు న్యాయమైనదా, సాధ్యమైనదా, అవసరమా అన్న చర్చ తెలుగు విమర్శలో ఏళ్ల తరబడి నడిచింది. రచయిత పాఠకుడిని దిగ్భ్రాంతికి గురిచేయడానికే ఆ ఘట్టాన్ని పెట్టి ఉంటే చర్చ అంతకాలం సాగేది కాదు. అంతకు ముందరి ప్రతి పేజీ ఆ ముగింపుకు సాక్ష్యం పలుకుతున్నందువల్లనే దాన్ని ఒప్పుకోలేనివారు కూడా దాన్ని దాటి వెళ్లలేకపోయారు. కొసమెరుపు, అంటే చివరి వాక్యంలో పాఠకుడిని ఆశ్చర్యపరిచే పద్ధతి, ఒక్క చదువుతో ఖర్చయిపోతుంది. కథలోపలి నుంచి పండిన ముగింపు మాత్రం రెండో చదువులో మరింత బలపడుతుంది.

కథ ఏ తెలుగులో మాట్లాడాలి?

సమకాలీన కథకుల మధ్య అత్యంత వేడిగా సాగే శిల్పచర్చ భాష చుట్టూ తిరుగుతుంది. పాత్రల సంభాషణలు వారి వారి మాండలికంలో ఉండాలనే సంగతిని ఇప్పుడు ఎవరూ కాదనరు. కథ చెప్పే గొంతు, అంటే కథనం, ఏ తెలుగులో ఉండాలన్న దగ్గరే అసలు ప్రశ్న మొదలవుతుంది. సంభాషణను పల్లె భాషలో పెట్టి కథనాన్ని పత్రికల ప్రామాణిక భాషలో నడిపినప్పుడు, చదువుకున్న గొంతు ఒకటి ఎత్తైన అరుగు మీద కూర్చుని, కింద మాట్లాడుతున్నవారిని లోకానికి పరిచయం చేస్తున్న అమరిక ఏర్పడుతుంది. రచయిత ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ అమరిక తనంతట తానే ఒక హెచ్చుతగ్గును చెబుతుంది.

ఈ అరుగును కూల్చినవారిలో పాకాల యశోదారెడ్డి ముందువరుసలో ఉంటారు. 'మా ఊరి ముచ్చట్లు'లో తెలంగాణ పల్లె ఆడవాళ్ల నుడికారం కథను నడిపే గొంతుగానే నిలబడింది. చిత్తూరు ప్రాంతపు మాటతీరును నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' పుస్తకాలలో కథనం మొత్తానికీ విస్తరింపజేసి, ఆ భాషలో దుఃఖాన్ని, ఆకలిని, అమ్మ మీద ప్రేమను ఎంత లోతుగా చెప్పవచ్చో నిరూపించారు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లో కోర్టు వరండాల, సారా దుకాణాల, పోలీసు స్టేషన్ల భాషను కథాభాషగా మార్చారు. రచన మంచికి హాని చేయకూడదని, చెడుకు సాయపడకూడదని ఆయన పెట్టుకున్న నియమం ఆ భాష ఎంపికలోనూ పనిచేసింది. అన్యాయానికి గురైనవారి గొంతును సంస్కరించి వినిపించడం కూడా ఒక రకమైన హాని అని ఆ కథలు చదివినవారికి తెలుస్తుంది.

తర్వాతి తరాలలో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. గోగు శ్యామల 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం' సంపుటి పేరే ఒక సామెత నడకలో ఉంటుంది. అందులో మాదిగవాడ చెరువును, పొలాన్ని, పనిని, ఆటను పిల్లల అనుభవంగా చూపిన తీరు, వాడను కేవలం బాధల చిరునామాగా చూసే అలవాటును మార్చింది. గోర్ బంజారా జీవితాన్ని కథలుగా మలచిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' సంపుటికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. సొంత లిపి లేని గోర్ బోలీ మాటలు తెలుగు లిపిలోకి, తెలుగు వాక్యంలోకి వచ్చినప్పుడు వాటికి పక్కనే అర్థం రాయాలా, సందర్భం నుంచే పాఠకుడు గ్రహించేలా వదలాలా అన్నది రచయిత ప్రతి పేజీలోనూ తేల్చుకోవలసిన సమస్య. అర్థాలన్నీ వెంటవెంటనే విప్పి చెబితే కథ బయటివారి కోసం రాసిన వివరణ అవుతుంది. ఏదీ అందకుండా మూసేస్తే పాఠకుడు గుమ్మంలోనే ఆగిపోతాడు. చేసే పని ద్వారా, పలికే సందర్భం ద్వారా మాటకు అర్థం కల్పించే మధ్యదారిని వెతకడమే ఇక్కడి శిల్పం. అచ్చుతప్పు అనుకుని మాండలిక పదాన్ని సవరించే ప్రూఫు చదువరికి, ఆ పదం విలువ తెలిసిన సంపాదకుడికి మధ్య ఉన్న తేడా ఇలాంటి కథల జీవన్మరణ సమస్య అవుతుంది.

తొలి చదువరి, సంపాదకుడు

రాతప్రతి పూర్తయిన తర్వాత రచయితకు ఎదురయ్యే మొదటి మనిషి తొలి చదువరి. ఉత్తరాంధ్రలో విజయనగరం, విశాఖపట్నం, శ్రీకాకుళం చుట్టూ ఎదిగిన కథకుల మధ్య, మదనపల్లె, తిరుపతి, కడప పరిసరాల రాయలసీమ కథకుల మధ్య, వరంగల్లు, కరీంనగర్ మిత్రబృందాల మధ్య కథ గురించిన మాట అచ్చుకు ముందే మొదలయ్యేది. కారా తన రచనను బాగా తగ్గించుకున్న తర్వాత కూడా కొత్తవారి కథలు చదవడం, వారికి ఉత్తరాలు రాయడం మానలేదు. కథ చెప్పడంలోని మెలకువలను 'కథాకథనం' వ్యాసాలలో సరళంగా వివరించారు. నేర్చుకున్నదాన్ని రహస్యంగా దాచుకోకుండా తర్వాతి మనిషి చేతిలో పెట్టే ఈ ధర్మం తెలుగు కథాసమాజపు అసలైన ఆస్తి. సమకాలీనులలో మహమ్మద్ ఖదీర్‌బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' అనే పుస్తకం ద్వారా ఆ సంభాషణను కొత్త తరం భాషలో కొనసాగించారు. ఒకటి రెండు రోజుల పాటు ఒకచోట చేరి రాతప్రతులు చదివి చర్చించుకునే కథా కార్యశాలలు కూడా ఈ ధర్మానికి కొనసాగింపే.

రెండవ మనిషి సంపాదకుడు. 1924 నుంచి 1991 వరకు నడిచిన 'భారతి', దాని పక్కన 'యువ', 'ఆంధ్రజ్యోతి' వంటి పత్రికలు, 1978లో మొదలైన 'చతుర', 'విపుల' మాసపత్రికలు కథకు, నవలకు నిరంతరం పేజీలు కేటాయించాయి. పత్రిక చేసే మేలు ప్రచురణతో ఆగదు. కథను తిప్పి పంపుతూ రాసిన రెండు వాక్యాల ఉత్తరం, మొదటి పేజీ తీసేయమన్న సూచన, గడువు విధించిన క్రమశిక్షణ రచయితను తయారుచేస్తాయి. 'భారతి' ఆగిపోయింది, 'చతుర', 'విపుల' ఆగిపోయాయి, కొవిడ్ కాలంలో మరికొన్ని వారపత్రికలు అచ్చు మానుకున్నాయి. కథకు మిగిలిన ప్రధాన ముద్రిత వేదిక ఆదివారం అనుబంధం కాగా, దాని నిడివి పరిమితి వల్ల కథలు కొలిచి కత్తిరించినట్టు తయారయ్యే ప్రమాదం ఏర్పడింది.

ఈ లోటును కొంతవరకు తీర్చే ప్రయత్నాలు గత దశాబ్దంలో కనిపించాయి. ఛాయ, ఆన్వీక్షికి వంటి ప్రచురణ సంస్థలు కొత్త రచయితల పుస్తకాలను శ్రద్ధగా తెచ్చాయి. చేతిలోకి తీసుకోవాలనిపించే పుస్తకాలు పెరిగాయి. సొంత ఖర్చుతో అచ్చువేసుకోవడం మునుపటికంటే తేలికైంది. అయితే తేలికగా అచ్చయ్యే వీలు పెరిగినంత వేగంగా, అచ్చుకు ముందు గట్టిగా ప్రశ్నించే మనుషులు పెరగలేదు. రాతప్రతిని కథకుడితో కూర్చుని వాక్యం వాక్యం చూసే సంపాదకత్వాన్ని ఒక వృత్తిగా గుర్తించి, దానికి తగిన ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటు తెలుగు ప్రచురణ రంగంలో ఇంకా బలపడవలసి ఉంది. ఆవిష్కరణ సభలో శాలువాతో పాటు అందే పొగడ్త రచయితకు ఉత్సాహమివ్వవచ్చు, కానీ ఆ పొగడ్త పుస్తకంలోని బలహీనమైన కథను బాగుచేయలేదు. అప్పటికే అచ్చయిపోయింది కనుక సభలో చెప్పే నిజమైన విమర్శ కూడా ఆలస్యమైన సలహాగా మిగిలిపోతుంది.

ఒక సమాజంలో అనేక గదులు

సాహితీ సమాజాన్ని అందరూ ఒకే మాట మీద ఉండే కుటుంబంగా ఊహించడం చరిత్రకు విరుద్ధం. 1943లో తెనాలిలో ఏర్పడిన అభ్యుదయ రచయితల సంఘం, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం కథకుడు ఎవరి పక్షాన నిలబడాలన్న ప్రశ్నను ముందుకు తెచ్చాయి. ఓల్గా, పి. సత్యవతి, అబ్బూరి ఛాయాదేవి వంటి రచయిత్రులు ఇంటి లోపలి అధికారాన్ని కథావస్తువుగా మార్చి, చిన్నవిగా కనిపించే సంఘటనలే కథకు చాలునని చూపించారు. దళిత, ముస్లిం, ఆదివాసీ, బహుజన అస్తిత్వాల నుంచి వచ్చిన కథలు, అప్పటివరకు సార్వజనీనమని పిలిచిన చూపు కొందరి చూపు మాత్రమేనని గుర్తుచేశాయి.

ఈ ఉద్యమాలన్నింటికీ ఎదురైన అభ్యంతరం ఒక్కటే: నినాదం ఉంది గాని శిల్పం లేదని. ఆ మాట కొన్ని కథల విషయంలో నిజం కావచ్చు. ఏ ఉద్యమంలోనైనా తొందరలో రాసిన కథలు ఉంటాయి. కానీ శిల్పం అనే కొలబద్దను కొత్తవారిని గుమ్మం బయట నిలబెట్టడానికి వాడినప్పుడు అది విమర్శ అనిపించుకోదు. పరిచితమైన జీవితాన్ని రాసేవాడికి ఒక మాటతో పూర్తయ్యే వాతావరణ చిత్రణకే ఎన్నడూ అచ్చులోకి రాని జీవితాన్ని రాసేవారికి కొత్త పదజాలం, కొత్త నడక, ఒక్కోసారి కొత్త నిర్మాణం కావలసి వస్తాయి. వాటిని అర్థం చేసుకోవడానికి విమర్శకుడు కూడా నేర్చుకోవలసి ఉంటుంది. అదే సమయంలో, తన పక్షానికి చెందిన కథ గనుక దానిలో లోపం చూపకూడదనే మొహమాటం కూడా కథకు ద్రోహమే చేస్తుంది. ఆత్మీయతతో చెప్పిన కఠినమైన మాటను భరించగల గదులు ఎన్ని ఉంటే సాహిత్యానికి అంత బలం.

మూడవ మనిషిగా విమర్శకుడిని చెప్పుకుంటే, అతడి పక్కనే అనువాదకుడిని కూడా నిలబెట్టాలి. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందినప్పుడు తెలుగు కథ బయటి లోకానికి తెలిసింది. గోగు శ్యామల కథలు ఆంగ్లంలోకి వెళ్లినప్పుడు మరో రకమైన తెలుగు జీవితం తెలిసింది. అనువాదకుడు ప్రతి పదం దగ్గరా ఆగుతాడు గనుక, కథలో అస్పష్టంగా జారిపోయిన కాలం, అవసరం లేని విశేషణం, ఎవరు మాట్లాడుతున్నారో తెలియని సంభాషణ అతడి కంట తప్పకుండా పడతాయి. అమెరికాలోని తెలుగువారు 1998 నుంచి నడుపుతున్న 'ఈమాట' పత్రిక, ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా నవలలకు ఇచ్చిన బహుమతులు దూరప్రాంతాల తెలుగువారిని ఈ సంభాషణలోకి తెచ్చాయి. చంద్రలత 'రేగడివిత్తులు', బండి నారాయణస్వామి 'శప్తభూమి' వంటి నవలలు తానా బహుమతి పొంది విస్తృతంగా చర్చకు వచ్చాయి. 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా లభించింది.

జ్ఞాపకం కూడా ఒక చదువరే

నాలుగవ మనిషి జ్ఞాపకాన్ని కాపాడేవాడు. కారా తనకు వచ్చిన పురస్కారాల సొమ్మును వెచ్చించి, మిత్రుల సహాయంతో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం 1997 ఫిబ్రవరి 22న ప్రారంభమైంది. ఒక్క సాహిత్య ప్రక్రియ కోసం, అందులోనూ తెలుగు కథ కోసం మాత్రమే ఏర్పడిన ఆ గ్రంథాలయం పాత పత్రికల సంచికలను, కథా సంపుటాలను సేకరించి, ఎక్కడో ఒక వారపత్రికలో ఒక్కసారి కనిపించి మాయమైన రచయితకు కూడా చోటు కల్పించింది. కారా 2021లో కన్నుమూసినా ఆ అలమరాలు తర్వాతి తరాల కోసం నిలిచి ఉన్నాయి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో 'కథ 90'తో మొదలైన కథాసాహితి వార్షిక సంకలనాలు ఏటేటా వెలువడిన కథల నుంచి ఎంపిక చేసి, ఆ ఎంపిక మీద వాదోపవాదాలకు కూడా తావిచ్చాయి. ఫలానా కథ ఎందుకు చేరలేదని అడిగిన ప్రతి ప్రశ్న కొలమానాలను బహిరంగంగా పరీక్షించుకునే అవకాశమైంది.

కొత్తగా రాయబోయేవారికి ఈ నిలువల విలువ చాలా ఆచరణాత్మకమైనది. తన ఊరి కరువు మీద కథ రాయదలచినవారు అదే కరువును మధురాంతకం రాజారాం, కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ ఎలా చూపించారో చదివితే, ఏది చెప్పేశారో, ఏది ఇంకా చెప్పవలసి ఉందో తెలుస్తుంది. పలక మీద ముందున్న అక్షరం కనపడకపోతే దిద్దడానికి ఆధారం ఉండదు. ఆ అక్షరాన్ని గుడ్డిగా అనుసరించడమే గమ్యమైతే సొంత చేతిరాత ఎన్నటికీ ఏర్పడదు.

తెలుగు కథకు ఈనాడు రచయితల కొరత లేదు, అనుభవాల కొరత అంతకంటే లేదు. కొన్ని దశాబ్దాల క్రితం అచ్చులో ఊహించలేని జీవితాలు కథలుగా వస్తున్నాయి. వాటిని నిలబెట్టవలసిన బాధ్యత రాసినవారి మీద మాత్రమే వేయడం అన్యాయం. ప్రతి పత్రికలో కథను శ్రద్ధగా చదివి కారణం చెప్పి తిప్పి పంపగల ఒక మనిషి, ప్రతి ప్రచురణ సంస్థలో జీతమిచ్చి నియమించుకున్న ఒక సంపాదకుడు, ప్రతి జిల్లాలో నెలకొకసారైనా రాతప్రతిని చదివి వినిపించుకునే ఒక చిన్న గుంపు, ప్రతి గ్రంథాలయంలో తమ ప్రాంతపు కథల కోసం ఒక అలమర ఉంటే చాలు, కథకుడి ఒంటరితనానికి చుట్టూ మళ్లీ వలయం ఏర్పడుతుంది. అచ్చమాంబ, గురజాడ రాసిపెట్టిన అక్షరాల మీద నూరేళ్లకు పైగా ఎన్నో చేతులు బలపం తిప్పాయి. తర్వాతి చెయ్యి పలక అందుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చూసే మనిషి ఉండాలి. ఆ మనిషిగా ఉండటం రాయడమంత గౌరవప్రదమైన సాహిత్య కృషి.